సీఈఓలను కాదు, ఉద్యోగులను అడిగిన జర్నలిస్టు

2022 జూన్‌లో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి నితాషా టికు గూగుల్ మీద కొద్ది రోజుల తేడాతో రెండు కథనాలు రాశారు. కులవివక్షపై తేన్మొళి సౌందరరాజన్ చేయాల్సిన ప్రసంగాన్ని ఆ కంపెనీ రద్దు చేసిందని మొదటిది చెప్పింది. లామ్డా అనే చాట్‌బాట్‌కు స్పృహ ఉందని నమ్మిన ఇంజనీర్ బ్లేక్ లెమోయిన్ గురించి రెండోది. ప్రపంచమంతా చర్చించింది రెండోదాన్నే. యంత్రానికి మనసుందా అన్న ప్రశ్నకు దొరికినంత చోటు, పక్క సీట్లోని దళిత ఉద్యోగిని మనిషిగా చూస్తున్నారా అన్న ప్రశ్నకు దొరకలేదు.

అమెరికా టెక్ జర్నలిజంలో పెద్ద పేర్లు చాలావరకు సీఈఓల పక్కన పెరిగినవే. వాల్ట్ మాస్‌బర్గ్ 1991లో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వినియోగదారుల కోసం కాలమ్ మొదలుపెట్టారు. ఆయన, కారా స్విషర్ కలిసి 2003 నుంచి నడిపిన సదస్సు వేదిక మీదే 2007లో జాబ్స్, గేట్స్ పక్కపక్కన కూర్చున్నారు. స్విషర్ ప్రశ్నలు పదునైనవే, కాదనలేం. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు కులం కనిపించదు, కాబట్టి వాళ్లను అడిగేవాళ్లకూ కనిపించలేదు.

టికు దారి వేరు. వ్యాలీవాగ్, బజ్‌ఫీడ్, వైర్డ్‌లలో పనిచేశారు. 2019లో వైర్డ్‌లో గూగుల్ లోపలి మూడేళ్ల కలహాన్ని ఉద్యోగుల వైపు నుంచి సుదీర్ఘంగా రాశారు. నా ఉద్దేశంలో 2020 అక్టోబరు కథనానికి బీజం అక్కడే పడింది. ఆ జూన్‌లో ఒక దళిత ఇంజనీర్ పట్ల వివక్ష చూపారంటూ సిస్కోపై కాలిఫోర్నియా ప్రభుత్వం దావా వేసింది. ఆ తర్వాత టికు సిలికాన్ వ్యాలీలో కులం ఎలా పనిచేస్తుందో రాశారు. దాంతోపాటే 30 మంది దళిత మహిళా ఇంజనీర్ల ప్రకటన పోస్ట్‌లో వచ్చింది. నియామకాల్లో, రిఫరల్స్‌లో, తోటివారిచ్చే మదింపుల్లో పక్షపాతం, రిజర్వేషన్ పేరుతో ఎత్తిపొడుపులు. ఇవన్నీ మనకు హాస్టల్ రోజుల నుంచీ తెలిసినవే. అయితే ఆ ప్రకటనలో పేర్లు లేవు. కులం తెలిస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. వీసా కంపెనీ చేతిలో ఉన్నవాళ్లకైతే ఆ భయం రెట్టింపు. ఇలాంటివాళ్ల నమ్మకం సంపాదించడానికి సదస్సు వేదికలు పనికిరావు.

గూగుల్ ప్రసంగాన్ని ఏర్పాటు చేసిన మేనేజర్ తనూజా గుప్తా చివరికి రాజీనామా చేశారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ న్యూసమ్ ఉన్న చట్టాలు చాలంటూ తిప్పి పంపారు. కథనం సాక్ష్యాన్ని బయటపెట్టగలదు గానీ ఓట్లు తేలేదు.

మరి తెలుగు పత్రికలు? అమెరికాలోని తెలుగు సంఘాల్లో ఏది ఏ కులానిదో రాసే విలేకరికీ తెలుసు, చదివే పాఠకుడికీ తెలుసు. అయినా ప్రవాస పేజీలో కనిపించేది సంబరాల ఫొటోలే. టెక్ పేజీలో కొత్త ఫోన్ ధర. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ పరిశీలించిన 121 న్యూస్‌రూమ్ నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాలవి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. ఆ 30 మందిలో తెలుగు ఆడబిడ్డ ఎవరైనా ఉంటే, తన మాట తన భాషలో చెప్పుకోవడానికి ఏ పత్రికకు ఫోన్ చేసి ఉండేది?