గోదావరి గట్టు రోడ్డు పొద్దుటి పూట సైకిళ్ళకు వదలండి

రాజమహేంద్రవరం అక్కచెల్లెళ్ళకు, అమ్మలకు, అత్తలకు, కోడళ్ళకు, నగరపాలక సంస్థ పెద్దలకు విన్నపం

పుష్కరఘాట్ నుంచి గౌతమీ ఘాట్ దాకా గోదావరి గట్టు రోడ్డు మీద రోజూ ఉదయం 5.30 నుంచి 7.30 వరకు మోటారు బళ్ళు ఆపాలి. ఆ రెండు గంటలూ ఆ రోడ్డు సైకిలు తొక్కేవాళ్ళది, నడిచేవాళ్ళది కావాలి. మేము అడిగేది ఇదే. అందులోనూ ఆడవాళ్ళ పేరు పెట్టి ఎందుకు అడుగుతున్నామో ఓపిగ్గా చదవండి.

మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మంది ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మగవాళ్ళలో 31 మంది. దేశం మొత్తం మీద 2022 నాటికి ఆడవాళ్ళలో నూటికి 57 మందికి ఒంటికి చాలినంత శ్రమ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు లెక్కగట్టారు. మగవాళ్ళలో అది 42. ఈ మాట వినగానే ‘తెల్లారి లేచింది మొదలు కాలు నిలవకుండా చేసే చాకిరీ శ్రమ కాదా?’ అని ఏ ఇల్లాలికైనా ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. కానీ మన పని ఎలా మారిందో చూడండి. తిరగలి, రోలు, బావి గిలక పోయాయి. మిక్సీ, గ్యాసు, కుళాయి వచ్చాయి. పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడితే నడుము లాగుతుంది గాని గుండె వేగం పెరగదు. అలసట అలాగే ఉంది, ఒంటికి బలమిచ్చే శ్రమ మాత్రం పోయింది. బడిలో, బ్యాంకులో, బట్టల కొట్లో పనిచేసే ఆడవాళ్ళకు ఇంటి అలసటకు కూర్చునో నిలబడో చేసే ఉద్యోగం తోడవుతుంది.

నడక మంచిదే. నడిచేవాళ్ళు మానవద్దు. అయితే నలభై దాటి, బరువు పెరిగి, మోకాళ్ళు పట్టేసిన వాళ్ళు వారం నడిచి మానేయడం మన వీధుల్లో అందరూ చూస్తున్నదే. సైకిలు మీద ఒంటి బరువు చాలావరకు సీటు మోస్తుంది. మోకాలి మీద అడుగడుగునా దెబ్బ పడదు. తొడలు, పిరుదులు, పిక్కలు, అంటే ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు, ఆగకుండా పనిచేస్తాయి. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్న ఈ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. బ్రిటన్‌లో రెండున్నర లక్షలకు పైగా మందిని ఐదేళ్ళు గమనించిన గ్లాస్గో పరిశోధకులు, పనికి సైకిలు మీద వెళ్ళేవాళ్ళలో గుండెజబ్బులు, క్యాన్సర్లు, అకాల మరణాలు తక్కువని 2017లో ప్రచురించారు. సైకిలు ఒక్కటే దానికి కారణమని ఆ లెక్క రుజువు చెయ్యదు. అయినా అంతమందిలో కనిపించిన తేడాను తోసిపారేయలేం.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నెల రోజుల్లో పొట్ట కరిగిస్తామని ఊరించే ప్రకటనలు గోడల నిండా ఉన్నాయి. ఈ కాగితం అలాంటిది కాదు. అరగంట ఓ మోస్తరు వేగంతో తొక్కితే ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. ఒక పెసరట్టు ఉప్మా తింటే అంతకు మించి తిరిగొస్తుంది. పొట్ట దగ్గర కొవ్వే కరగాలంటే ఏ వ్యాయామమూ వినదు. ఒళ్ళంతా తగ్గుతూ అదీ తగ్గుతుంది, నెలలు పడుతుంది, తిండి తగ్గించకపోతే కష్టం. ముందుగా తెలిసే మార్పులు వేరు. మేడ మెట్లెక్కితే ఆయాసం రాదు. రాత్రి నిద్ర పడుతుంది. తర్వాత్తర్వాత బీపీ, షుగరు అంకెలు దిగుతాయి. చీర బిగువు తగ్గడం ఆ తర్వాతి మాట. ఇంకొకటి కూడా ఉంది. బరువు సీటు మోస్తుంది కాబట్టి సైకిలు ఎముకలకు పెద్దగా బలమివ్వదు. నెలసరి ఆగిన వాళ్ళు వారానికి రెండు రోజులు మెట్లెక్కడం, బరువులెత్తడం కూడా పెట్టుకోవాలి.

ఎంత తొక్కాలి? పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. తొక్కుతూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగం అంతుంటే సరి. కొత్తవాళ్ళు పది నిమిషాలతో మొదలుపెట్టండి. గుండె జబ్బున్నవాళ్ళు ముందు డాక్టరును అడగండి. షుగరుకు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్ళు కొంగున బెల్లం ముక్క కట్టుకుని రండి.

సైకిలు కొత్తది కొననక్కర్లేదు. బడికి వెళ్ళేటప్పుడు పిల్లలు తొక్కి వదిలేసినవి, ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకు ఇచ్చినవి ఎన్ని ఇళ్ళలో మెట్ల కింద తుప్పు పడుతున్నాయో మీకే తెలుసు. ట్యూబులు మార్పించి, బ్రేకు రబ్బర్లు వేయించి, చైనుకు నూనె పట్టిస్తే అవే చాలు. చైను కవరు తప్పనిసరి, చున్నీలూ కుచ్చిళ్ళూ పడేది అక్కడే. సీటు ఎత్తు చూసుకోండి. మోకాళ్ళ నొప్పి వచ్చిందని సైకిలు మానేసిన చాలామందికి అసలు తప్పు సీటు మరీ కిందికి ఉండటమే. కూర్చుని, కిందికి వచ్చిన పెడలు మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. ఆ తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగుతుంది. అదీ లెక్క. అసలు రానివాళ్ళకు సీటు దించి, పెడళ్ళు రెండూ విప్పించి, కాళ్ళతో నేలను తోసుకుంటూ నేర్పుతాం. తూకం చిక్కాక పెడళ్ళు బిగించుకోవచ్చు. ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది, షాపులోనే విప్పించండి.

‘ఈ వయసులో సైకిలేమిటి, నలుగురూ నవ్వరా?’ అనేవాళ్ళకు పుదుక్కోట్టై చూపిస్తాం. 1990ల మొదట్లో తమిళనాడులోని ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తుంటే, కలెక్టరు షీలా రాణీ చుంకత్ పూనికతో చదువుతోపాటు సైకిలూ నేర్పారు. పొలం కూలీలు, క్వారీ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, టీచర్లు లక్షకు పైగా నేర్చుకున్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. మొదట్లో వెక్కిరింపులు వాళ్ళూ పడ్డారు. గుంపుగా రోడ్డెక్కితే వెక్కిరింపు నిలవదు.

ఇక గట్టు రోడ్డే ఎందుకంటే, మెయిన్ రోడ్డులోనో కోటిపల్లి బస్టాండు దగ్గరో ఆటోల మధ్య కొత్తగా నేర్చుకున్న మనిషిని తొక్కమనడం అన్యాయం. గట్టు మీద ఒక పక్కంతా గోదావరి, ఆ వైపు నుంచి అడ్డంగా దూసుకొచ్చే బండి లేదు. ఎత్తుపల్లాలు తక్కువ, గాలి బాగుంటుంది. మన ఊరి ఎండ సంగతి వేరే చెప్పాలా? వేసవిలో ఏడున్నర దాటితే ఆరుబయట వ్యాయామం లేదు. విశాఖలో బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున బళ్ళు ఆపుతున్నారు, ఊరు ఆగిపోలేదు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో తెరిచారు, పైన సోలారు పలకల నీడతో సహా. మంచి పనే, కానీ అక్కడికి చేరడానికి కారు మీద సైకిలు కట్టుకుని వెళ్ళేవాళ్ళున్నారు. మనది ఊరి నడుమనే ఉంది. కట్టడానికి పైసా అక్కర్లేదు, అడ్డుగా పెట్టే బారికేడ్లు చాలు.

స్నానాలకు వచ్చేవారిని, అస్థికలు కలపడానికి దుఃఖంతో వచ్చేవారిని ఎవరూ ఆపకూడదు. ప్రతి ఘాట్‌కూ ఊరివైపు నుంచి ఒక దారి తెరిచి ఉంచి, గట్టు వెంబడి పొడుగునా పోయే బళ్ళనే ఆపాలి. అంబులెన్సుకు, పాల బండికి ఎప్పుడూ దారి ఇవ్వాలి. 2027 పుష్కరాల కోసం ఘాట్లు, రోడ్లు బాగుచేసేటప్పుడే దీపాలు, సైకిలు స్టాండు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కూడా లెక్కలో వేస్తే తర్వాత మళ్ళీ తవ్వక్కర్లేదు.

అసలు అడ్డం రోడ్డు దగ్గర లేదు, వంటింటి దగ్గర ఉంది. ఐదున్నర నుంచి ఏడున్నర అంటే క్యారేజీలు కట్టే వేళ. ఇంట్లో మగవాళ్ళను సూటిగానే అడుగుతున్నాం: రెండు గంటలు కాదు, నలభై నిమిషాలు మీరు చూసుకోండి. పాలు కాచడం, పిల్లలను లేపడం, కుక్కరు పెట్టడం చేతకాని పనులు కావు. అది సాయం కాదు, మీ ఇంటి పనిలో మీ వంతు. ఈ ఏర్పాటు జరగని ఇంటికి గట్టు రోడ్డు వదిలినా ఒరిగేదేమీ లేదు.

కమిషనరు గారూ, ట్రాఫిక్ పోలీసు అధికారులూ, ముందు మూడు నెలలు చేసి చూడండి. ఆదివారాలు ఒక మునిసిపల్ హైస్కూలు మైదానం నేర్చుకునేవాళ్ళకు తెరవండి. గట్టు మీద తెల్లవారుజామున ఒక మహిళా కానిస్టేబులును ఉంచండి.

అక్కలారా, ఈ కాగితం వెనక మీ పేరు, వార్డు రాసి, సంతకం చేసి, మీకు ఇచ్చినవాళ్ళకే తిరిగివ్వండి. సైకిలు వచ్చో రాదో కూడా రాయండి, నేర్పేవాళ్ళు ఎంతమంది కావాలో తెలుస్తుంది. సంతకాలన్నీ సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అందజేస్తాం. వీలున్నవాళ్ళు మాతో రండి, సైకిళ్ళ మీదే వెళదాం.

ఇట్లు,
సైకిలు తొక్కే, తొక్కాలనుకునే రాజమండ్రి ఆడవాళ్ళు