కదలని లారీ, కదిలే నాలుకలు

ఒకరికి తలనొప్పి వచ్చిందంటే నలుగురూ నాలుగు మందులు చెప్పడం మన పేటల్లో ఆనవాయితీ. లారీకి జబ్బు చేసినా అంతే. పొద్దున్నే డీజిలు బండి మొరాయించిందా, పాలకు వచ్చినవాడు బ్యాటరీ పోయిందంటాడు. పేపరు చదువుతున్నవాడు పంపు పోయిందంటాడు. పోయింది ఏదో తేలకముందే యజమాని డబ్బు మాత్రం పోతుంది.

అసలు డీజిలు ఇంజను స్వభావం తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో దీనిని నడిపి చూపించాడు. పెట్రోలు ఇంజనుకు మల్లే దీనికి నిప్పురవ్వ అక్కరలేదు. సైకిలు పంపు గబగబా కొడితే దాని అడుగు వేడెక్కుతుందని పిల్లలకు కూడా తెలుసు గదా! ఇక్కడా అదే సూత్రం. గాలిని సుమారు 16వ వంతుకో 20వ వంతుకో అదిమితే దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో డీజిలు చిమ్మితే దానంతట అదే మండుతుంది. కనుక ముఖ్యంగా కావలసినవి రెండు: గాలి వేడెక్కేటంత వడిగా ఇంజను తిరగాలి, సరిగ్గా ఆ సమయానికి డీజిలు అందాలి.

కాబట్టి మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఇంజను అసలు తిరగడం లేదా? లేక తిరుగుతున్నా స్టార్టు కావడం లేదా? విగ్రహవాక్యం చెప్పకుండానే సమాసం పేరు చెప్పేసే విద్యార్థులను నేను రోజూ చూస్తూవుంటాను. ఈ ప్రశ్న వేయకుండా సామాను మార్చేవారూ ఆ కోవలోనివారే.

ఈ ప్రశ్న విలువ ఎంతటిదో లాల్‌దర్వాజాలో ఒకసారి కళ్లారా చూశాను. ఆషాఢమాసం. సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనాలు రెండు రోజుల్లోకి వచ్చాయి. సందు మొగలో ఒక లారీ నిలిచిపోయింది. సొంత బండి నడుపుకొని బతికే మనిషి. జనం సలహాలు విని రెండు కొత్త బ్యాటరీలు కొనడానికి బయలుదేరాడు.

“ఆ పైసలు కిస్తీకి పెట్టినవి గద!” అన్నది భార్య గుమ్మంలోనుంచి. అతడు మాట్లాడలేదు.

ఇంతలో ఒక ముసలి ఉస్తాద్ వచ్చాడు. పానా సంచి విప్పనేలేదు.

“సెల్ఫ్ తిరుగుతున్నదా, టక్కుమని ఊకుంటున్నదా?”

“టక్కుమంటున్నది ఉస్తాద్. రాత్రి మాత్రం శానాసేపు తిరిగింది.”

“నిన్న దీనికి ఏం పని చేసినవ్?”

“డీజిల్ ఫిల్టర్ మార్చిన.”

ఉస్తాద్ తల పంకించి ముందు లైట్లు వేయించాడు. తాళం తిప్పగానే లైట్లు చచ్చిపోయినంత పని అయింది. బ్యాటరీలకు మీటరు పెట్టి చూస్తే 25 వోల్టులు నిక్షేపంగా వున్నాయి. మరి కరెంటు ఎక్కడ ఆగినట్టు? టెర్మినళ్ల మీద చెయ్యి వేశాడు. ఒకటి వెచ్చగా వున్నది. విప్పితే లోపల తెల్లని చిలుము. గీకి, తుడిచి, బిగించాడు. సెల్ఫ్ జోరుగా తిరిగింది.

అయినా ఇంజను స్టార్టు కాలేదు! జనం మళ్లీ నోళ్లు విప్పారు. ఉస్తాద్ వెనక్కు వెళ్లి పొగగొట్టం చూశాడు. పొగ జాడ లేదు. తెల్లపొగ వస్తే డీజిలు అందుతున్నా మండడం లేదని అర్థం. పొగే రాకపోతే సాధారణంగా డీజిలే అందడం లేదన్నమాట. ఫిల్టరు మార్చినప్పుడు లోపల గాలి చేరింది. ఫిల్టరు మీది స్క్రూ కాస్త వదులు చేసి చేతిపంపు కొడుతుంటే మొదట నురగ వచ్చింది, తరువాత స్వచ్ఛమైన డీజిలు వచ్చింది. స్క్రూ బిగించాడు. ఈసారి ఇంజను గొంతు సవరించుకొని పలికింది.

అంటే మొదటి జబ్బు గాలి. అది తెలియక రాత్రంతా సెల్ఫ్ కొట్టడంతో అసలే చిలుము పట్టిన టెర్మినల్ వేడెక్కి రెండో జబ్బు పైకి వచ్చింది. కంటికి కనబడింది మాత్రం రెండోదే! కొత్త బ్యాటరీలు కొనివుంటే కిస్తీ డబ్బు ఖర్చయ్యేది, లారీ అక్కడే వుండేది.

బండి వున్న ఇళ్లవారు రెండు మూడు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. సెల్ఫ్ ఒక్కసారికి 15 సెకన్లకు మించి కొట్టకూడదు. మధ్యలో 2 నిమిషాలు చల్లారనివ్వాలి. ఇప్పటి కామన్ రైల్ బండ్లలో డీజిలు పీడనం 1,000 బార్లు దాటుతుంది, చర్మంలోకి దూసుకుపోతుంది. ఆ గొట్టాలు మనం విప్పరాదు. 2020 అక్టోబరు వరదలు పాతబస్తీవారు మరచిపోలేదు గదా. అలా నీట మునిగిన బండికి తాళం తిప్పనే కూడదు. గాలి అణుగుతుంది గాని నీరు అణగదు. లోపలి కడ్డీలే వంగుతాయి.

ఇకమీదట ఎక్కడ లారీ ఆగినా సలహా చెప్పే హక్కు మనకు వున్నది. కాకపోతే ఆ సలహాను ప్రశ్నగా మార్చి చెబుదాం: “నిన్న దీనికి ఏం చేశారు?”