బెజవాడలో ఎవరూ పని చెయ్యరా?

తెర మీద మా ఊరిని చూసిన వాళ్ళెవరికైనా ఒక అనుమానం రావాలి: ఈ బెజవాడలో జనం ఏం చేసి బతుకుతారు? ‘బెజవాడ’ (2011), ‘వంగవీటి’ (2016) లాంటి సినిమాలు చూస్తే ఇక్కడ రెండే వృత్తులు ఉన్నట్టు ఉంటుంది. రౌడీ, రౌడీ వెనకాల నడిచేవాడు. ఆటోనగర్‌లో లారీ కింద దూరి పడుకున్న మెకానిక్కు, వస్త్రలతలో తానులు విప్పి చూపించే గుమాస్తా, గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో కూచుని సరిగ్గా ఆ రౌడీ సినిమాల కలెక్షన్లే లెక్క రాసే మనిషి - వీళ్ళెవరూ కెమెరా కంటికి ఆనలేదు.

సినిమాకి హీరో కావాలి, సరే. టీవీకీ, ఇప్పుడు ఓటీటీకీ ఏమొచ్చింది? నలుగురు మనుషులు, ఒక గది, ఒక పని ఉంటే చాలు కామెడీకి. ఖర్చు కూడా తక్కువే. అయినా మనవాళ్ళు పనిచేసే చోటు మీద కామెడీ రాయాలనుకోగానే నేరుగా హైదరాబాదు వెళ్ళి ఓ అద్దాల ఆఫీసులో కూచుంటారు. కాఫీ మిషను, మెడలో ఐడీ కార్డు, విసిగించే మేనేజరు. ఎందుకూ అంటే ‘ఆఫీసు ఎక్కడైనా ఆఫీసే కదా, అందరికీ రిలేటబుల్‌గా ఉండాలి’ అంటారు. నా పేచీ అంతా ఆ ఒక్క మాటతోనే.

మనకి బాగా తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. గుణ్ణం గంగరాజు తీసిన ‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో మూడొందల ఎపిసోడ్లకి పైగా నడిచింది. ఇప్పటికీ యూట్యూబ్‌లో పెట్టుకుని అన్నం తినేవాళ్ళున్నారు. అందులో అమృతరావు పాత్రని ఒకరి తర్వాత ఒకరుగా శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ వేశారు. ఒకసారి ఆలోచించండి. టైటిల్ పాత్రలో మొహమే మారిపోయింది, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. అయినా సీరియల్ ఆగలేదు, మనం చూడ్డం మానలేదు. ఎందుకని?

అంజిగా మా బెజవాడ మనిషి గుండు హనుమంతరావు ఉన్నారు కాబట్టి అనొచ్చు. అదీ నిజమే. కానీ అసలు సంగతి అమృత విలాస్. ఆ హోటల్ వీళ్ళని కోటీశ్వరుల్ని చెయ్యదు, వీళ్ళు దాన్ని వదలలేరు. అద్దెకిచ్చిన అప్పాజీ వస్తూనే ఉంటాడు. వంటింట్లో సర్వం ఉంటాడు. ఇంట్లో సంజీవిని, శాంత ఉంటారు. అమృతరావు కుర్చీలో ఎవర్ని కూచోబెట్టినా కాసేపటికి అమృతరావే అవుతాడు, ఎందుకంటే ఆ కుర్చీ చుట్టూ ఉన్న బాకీలు, మొహమాటాలు, ఆశలు అలాంటివి. ఆ హోటల్ ఏ వీధిలో ఉందో మనలో ఎంతమంది చెప్పగలం? అద్దె కోసం వచ్చే మనిషి మాత్రం అందరికీ గుర్తే. పని చేసే చోటు అంటే కథకి గోడలూ బల్లలూ కాదు. ఆ మనిషి అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోకుండా పట్టుకున్నది ఏదైతే ఉందో, అదీ.

‘అమృతం’ మొదలైన 2001లోనే ఇంగ్లండులో ‘ది ఆఫీస్’ వచ్చింది. స్లౌ అనే ఊళ్ళో ఓ కాగితాల కంపెనీ. 2005లో అమెరికా వాళ్ళు దాన్ని తీసుకుని స్క్రాంటన్‌లో పెట్టారు. మొదటి ఎపిసోడ్ ఇంచుమించు సీను సీనుకీ ఇంగ్లీషువాళ్ళదే. అందుకే అరువు చొక్కాలా ఉంటుంది. రెండో సీజన్లో బాసుని కాస్త మార్చి, చుట్టూ ఉన్నవాళ్ళని ఆ ఊరి మనుషులుగా రాసుకున్నాక గానీ దానికి ప్రాణం రాలేదు. ఆఫీసు ఎక్కడైనా ఆఫీసే అయితే ఆ అవసరమేముంది?

ఇప్పుడు మన దగ్గరికి రండి. హిందీ ‘పంచాయత్’ (2020) ని 2025 జనవరిలో ‘సివరపల్లి’గా తెలుగులో తీశారు. ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు ఇష్టం లేకుండా ఓ తెలంగాణ పల్లెకి పంచాయతీ కార్యదర్శిగా వెళ్తాడు. నటులు బాగా చేశారు, యాస కుదిరింది, సర్పంచి భార్యయితే పెత్తనం భర్తది అన్న సంగతి మనకీ కొత్త కాదు. కానీ సన్నివేశాలు చాలావరకు ఉత్తరప్రదేశ్ నుంచి దిగినవే. యాస మారింది, ఆఫీసు మారలేదు. తెలంగాణలో కార్యదర్శి మెడ మీద ఏ బరువులున్నాయి, పైనుంచి ఎవరు ఏం అడుగుతారు, కింద ఎవరు ఏం అడుగుతారు అన్నది మొదట్నుంచీ రాసుకుని ఉంటే ఆ కుర్రాడు ఇంకో మనిషయ్యేవాడు.

అదే కథని కృష్ణ దాటించి ఇటు తెస్తే అసలు నిలబడదు. ఇక్కడ 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. పరీక్ష పెట్టి లక్ష మందికి పైగా తీసుకున్నారు. ఒంటరి కార్యదర్శి లేడు. ఒక కప్పు కింద వీఆర్వో, సర్వేయరు, ఏఎన్ఎం, డిజిటల్ అసిస్టెంటు, ఇంజినీరింగ్ అసిస్టెంటు, మహిళా పోలీసు, చెరువులున్న కైకలూరు వైపైతే మత్స్యశాఖ మనిషి. పది మందికి పది శాఖలు, పది మంది పైఅధికారులు, ఊళ్ళో ఒకే సర్పంచి. ‘పంచాయత్’లో హాస్యం ఒంటరితనంలోంచి పుడుతుంది. ఇక్కడ పుట్టాల్సింది ఇరుకులోంచి. ఇంత పెద్ద సిట్‌కామ్‌ని ప్రభుత్వమే జీవో ఇచ్చి మన ఊళ్ళో పెడితే, మనం వేరే రాష్ట్రం కథని డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నాం.

ఇంకో చోటు చెప్తాను. ప్రకాశం బ్యారేజీ నుంచి పదమూడు లక్షల ఎకరాలకి కాలవలు వెళ్తాయి. ఆ కాలవల మీద ఎక్కడో ఓ సెక్షన్ ఆఫీసు ఊహించుకోండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఈ, పాతికేళ్ళవాడు. తూముల తాళాలు, షట్టర్లు చూసే లస్కరు, యాభై దాటినవాడు. నీటి సంఘం అధ్యక్షుడు. శివారున నాగాయలంక వైపు నుంచి రోజూ ఫోను చేసే రైతు. జూన్ నెల. నారుమళ్ళు ఎండుతున్నాయి. నీళ్ళు వదిలేది శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటుకుని రావాలి. కాదంటే పట్టిసీమలో మోటార్లు తిరిగి గోదావరి నీళ్ళు కృష్ణలోకి రావాలి. ఏఈ చేతిలో చుక్క నీరు లేదు. జవాబు చెప్పాల్సింది మాత్రం ఆయనే. ఏ తూము ఎంత ఎత్తితే ఎవరు గొడవకొస్తారో లస్కరుకి తెలుసు, ఆయన్ని మాత్రం ఎవరూ అడగరు. ఒక్క పైరుకాలం తీస్తే ఒక సీజన్.

ఇందులో పిలుపులు చూడండి. జీతం లెక్కన ఏఈ ‘సార్’, వయసు లెక్కన లస్కరు ‘బాబాయ్’. పని తెలిసినవాడు పని తెలియనివాణ్ణి సార్ అంటాడు. రెండో వారానికి సారే బాబాయ్ కాళ్ళావేళ్ళా పడతాడు. రైతుకి అవసరం ఉన్న రోజు ఏఈ ‘మీరు’, నీళ్ళు రాని రోజు ‘ఏమయ్యా’. లస్కరుని మాత్రం అందరూ, అన్ని రోజులూ, ‘ఒరేయ్’. ఎవరు కుర్చీలో కూచుంటారు, ఎవరు గుమ్మం బయట నిలబడతారు అన్నది డెల్టాలో జీతం ఒక్కటే తేల్చదు. కులం తేలుస్తుంది, కాలవకి ఎగువన పొలం ఉందా దిగువన ఉందా అన్నది తేలుస్తుంది. అద్దాల ఆఫీసు మన రచయితలకి అంత ఇష్టం ఎందుకో నాకు ఇక్కడే అర్థమవుతుంది. అక్కడ అందరూ అందరినీ పేరు పెట్టి పిలుచుకుంటారు కాబట్టి ఈ ప్రశ్నలు వేసుకోనక్కర్లేదు. ‘రిలేటబుల్’ అన్న మాట చాలాసార్లు ఇబ్బంది తప్పించుకునే దారి.

‘యాసలు పెడుతున్నాం కదా, స్కిట్లలో అన్ని జిల్లాలూ వస్తున్నాయి కదా’ అంటారు. వస్తున్నాయి. స్కిట్‌లో అటెండరు నల్లగా ఉన్నందుకో, లావుగా ఉన్నందుకో, మాట తేడాగా ఉన్నందుకో నవ్వుతాం. ఐదు నిమిషాల్లో అయిపోతుంది, అతనికి రేపు ఆఫీసు లేదు. సిరీస్‌లో అతను రేపు మళ్ళీ వస్తాడు. అదే బాసు, అదే బాకీ, అదే బస్సు. అప్పుడు మనం నవ్వేది అతని మొహానికి కాదు, అతను ఇరుక్కున్న తీరుకి. అందులో మనమూ ఉంటాం కాబట్టి ఆ నవ్వు కొంచెం గుచ్చుకుంటుంది. ‘అమృతం’ చూసి నవ్వినవాళ్ళకి అది తెలుసు, అద్దె కట్టే ప్రతి ఇంట్లోనూ ఓ అప్పాజీ ఉన్నాడు.

ఇది వినోదం గురించి గొడవ మాత్రమే అయితే ఇంత రాయక్కర్లేదు. మా వైపు పిల్లలు ఇంటర్ అవ్వగానే ‘ఇక్కడేముంది’ అని హైదరాబాదు బస్సెక్కుతారు. ఇక్కడ ఉద్యోగాలు తక్కువన్నది నిజం. కానీ ఇక్కడ చేసే పని పనే కాదు, ఇక్కడి మనిషి కథలో మనిషే కాడు అన్నది మనం వాళ్ళకి చూపించి చూపించి నేర్పిన అబద్ధం. వాళ్ళ నాన్న ముప్ఫయ్యేళ్ళు నిలబడి తానులు విప్పిన కొట్టు వాళ్ళకి ఏ తెర మీదా కనపడలేదు. కత్తి పట్టుకున్నవాడు మాత్రం కనపడ్డాడు.

కాబట్టి ఈసారి ఎవరైనా నిర్మాత ‘ఆఫీసు ఎక్కడైనా ఆఫీసే’ అంటే ఆయన్ని ఓ జూన్ నెలలో తీసుకురండి. ఏదో ఒక కాలవ సెక్షన్ ఆఫీసులో మధ్యాహ్నం దాకా కూచోబెట్టండి. ఫోను మోగినప్పుడు ఎవరు తియ్యమని ఎవరి వంక చూస్తారో గమనించమనండి. చాలు.