తూము చూశాకే నీళ్లు వదలాలి

గణపవరం సెంటర్లో టీ తాగినా, తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల బస్తా కొన్నా చెయ్యి జేబులోకి వెళ్లేది ఫోన్ కోసమే. స్కాన్ చేసి పిన్ నొక్కితే క్షణాల్లో డబ్బు చేరిపోతుంది. 2016లో మొదలైన యూపీఐలో, 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి మరి!

అంతటి వ్యవస్థ కూడా 2025 ఏప్రిల్ 12, శనివారం నాడు మొరాయించింది. పట్టపగలు, గంటల తరబడి దేశమంతటా చెల్లింపులు తడబడ్డాయి. ఎందుకలా? యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు ‘ఆ చెల్లింపు ఏమైంది?’ అంటూ ఆగకుండా అడుగుతున్నాయి. పాత లావాదేవీల గురించీ అదే ప్రశ్న. ఆ ప్రశ్నల రద్దీలో అసలు చెల్లింపులకే దారి దొరకలేదు.

ఈ తంటా ఏమిటో కొల్లేటి ప్రాంతం వారికి వేరే చెప్పక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరులు ఎన్ని వచ్చి సరస్సులో పడినా, నీరు సముద్రానికి చేరే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఎంత వాన కురిసిందన్న దానితోపాటు ఉప్పుటేరు ఎంత లాగుతుందన్నదీ చూస్తేనే లంక గ్రామాల సంగతి తెలుస్తుంది. ఫోన్ తెర వెనుక పనిచేసే సేవకూ అలాంటి తూము ఒకటుంటుంది. దాన్నే కంప్యూటర్ వాళ్లు బ్యాక్‌ఎండ్ అంటారు. తెర ఎంత అందంగా ఉన్నా, తూము ఎంత నీరు మోస్తుందో లెక్క చూడకుండా జనం ముందు పెట్టకూడదు.

అందుకు అనుభవజ్ఞులు పాటించే సూత్రాలు కొన్ని ఉన్నాయి. మొదటిది హద్దు. ఎవరు ఎన్నిసార్లు అడగొచ్చో ముందే తేల్చాలి. ఏప్రిల్ దెబ్బ తర్వాత చేసింది ఇదే. లావాదేవీ ఏమైందని అడగాలంటే బ్యాంకు కాసేపు ఆగాలి, 2 గంటల్లో మూడుసార్లకు మించి అడగకూడదు. 2025 ఆగస్టు 1 నుంచి మనం ఖాతాలో నిల్వ చూసుకోవడానికీ ఒక్కో యాప్‌లో రోజుకు 50సార్లు అని పరిమితి వచ్చింది.

రెండోది, ఒకే కోరిక రెండుసార్లు వచ్చినా పని ఒక్కసారే జరగాలి. అందుకే ప్రతి చెల్లింపుకూ విడిగా ఒక నంబరు. అదే నంబరు మళ్లీ వస్తే ‘ఇది అయిపోయింది’ అనాలే తప్ప మళ్లీ డబ్బు కోయకూడదు.

మూడోది, నిజం చెప్పడం. డబ్బు చేరిందో లేదో తేలనప్పుడు ‘పెండింగ్’ అనాలి. చేరకుండానే చేరిందని చూపిస్తే, చేపలు పట్టిన రోజు సాయంత్రం కూలి కోసం నిలబడ్డవారికి ఎవరు సమాధానం చెబుతారు?

నాలుగోది, జరిగిన ప్రతిదీ చిట్టాలో రాసుకోవడం. తప్పు ఎక్కడ జరిగిందో చిట్టా లేకుండా ఎవరూ చెప్పలేరు. ఇక చివరిది, కొత్త మార్పును ముందు కొద్దిమందికే ఇచ్చి చూడటం, తేడా వస్తే వెంటనే పాత పద్ధతికి మళ్లేలా దారి ఉంచుకోవడం. కాలువకు నీరు వదిలేవారు గేట్లన్నీ ఒక్కసారే ఎత్తేయరు కదా!

ఇవన్నీ ఇంజినీర్ల పని. మన పనీ కొంత ఉంది. డబ్బు మధ్యలో ఆగితే కంగారుపడి మళ్లీ స్కాన్ చేయొద్దు. అలా చేస్తే అది కొత్త నంబరుతో కొత్త చెల్లింపు అవుతుంది, రెండుసార్లు డబ్బు పోవచ్చు. రిజర్వు బ్యాంకు 2019లో తెచ్చిన నియమం ప్రకారం, ఒకరికొకరు పంపుకునే డబ్బు అవతలివారికి చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. దుకాణానికి కట్టిందైతే 5 రోజుల్లో రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాల్సిందే. ఫిర్యాదు చేసేటప్పుడు అడిగేది ఆ లావాదేవీ నంబరునే. పని పూర్తయ్యేదాకా దాన్ని చెరిపేయకండి.