శేషాచల వనదర్శనము



మన తెలుఁగునాఁట తిరుమలయాత్ర చేయని యిల్లాలు మిగుల నరుదు. బిడ్డ పుట్టువెండ్రుకలు తీయించుటకో, క్రొత్తదంపతులచేత కల్యాణము చేయించుటకో, ఆపదలో మ్రొక్కిన మ్రొక్కు చెల్లించుటకో మనమందఱమును ఆ కొండ యెక్కుచునే యుందుము. కాని యా కొండను జుట్టుకొని యున్న యడవి యొక జాతీయోద్యానవనమని తెలిసి యెక్కినవారు మనలో నెందఱు? మావారియొద్దకు చదువునకు వచ్చు బాలురను దేశమునందలి జాతీయోద్యానవనముల పేళ్లు చెప్పుఁడని యడిగినచో కార్బెట్టు, కాజీరంగా, గిర్, రణథంభోర్ అని తడువుకొనక యప్పగింతురు. శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానవనము పేరు మాత్రము వారి నోట రాదు. వారిలో ముప్పాతికమంది యా యడవినడుమ గుండు చేయించుకొని వచ్చినవారే!

బాలుర ననుటవలన లాభము లేదు. పెద్దలమైన మనము చూపనిదానిని వారెట్లు చూతురు? బస్సులో గోవిందనామము చేయుచు కన్నులు మూసికొందుము. నడకదారిని మెట్లు లెక్క పెట్టుకొందుము. తిరిగి వచ్చునపుడు లడ్డూల సంచి భద్రమా యని చూచుకొందుము. స్వామి కోరి నివసించిన వనమును మాత్రము చూడము. అందుచేత నీ మాసము దూరదేశపుయాత్రల మాట యెత్తక, మనము పలుమాఱులు పోయియు చూడని యీ చోటును గూర్చి వ్రాయఁదలఁచితిని.

ఉద్యానమను మాట వినఁగానే పూలమళ్లును, పచ్చికతిన్నెలును, కూర్చుండుటకు బల్లలును ఉండునని కొందఱు తలఁతురు. ఉద్యానము మనుష్యుఁడు పెంచునది. అరణ్యము తనంతఁ దాను పెరుగునది. ప్రభుత్వమువారు వాడుచున్న పేరులో ఉద్యానమను పదమున్నను వస్తువు మాత్రము అరణ్యమే. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జాతీయోద్యానవనమున పశువులను మేపరాదు, చెట్లు నఱకరాదు, వేఁటాడరాదు. అభయారణ్యమునకంటె నిచట కట్టుబాటు హెచ్చు. ఇట్టివి ఆంధ్రప్రదేశమున మూఁడును, తెలంగాణమున మూఁడును కలవు. తిరుమల చుట్టునున్న వనము 1989లో జాతీయోద్యానవనముగ నేర్పడినది. దీని విస్తీర్ణము 353 చదరపు కిలోమీటర్లకు మించినది. 2010లో, దీనిని లోపల నుంచుకొని, సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల శేషాచల ప్రాంతమును బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిరి.

కొండ యెక్కునపుడు మొదట చూడఁదగినవి ఱాళ్లు. ఘాట్ రోడ్డు ప్రక్కను ఒకచోట రెండు విధములైన శిల లొకదానిపై నొకటి యానియుండును. క్రిందిది మిక్కిలి ప్రాచీనమైన నల్లఱాయి. పైది ఒకప్పటి జలములలో ఇసుక పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడిన శిల. ఈ రెంటి పుట్టుకకు నడుమ పదులకొలఁది కోట్ల సంవత్సరములు గడచినవని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ యెడమును అచట చేతితోఁ దాఁకి చూడవచ్చును. అందుచేతనే దానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా గుర్తించిరి. తిరుమలలో ఆలయమునకు ఉత్తరముగ నున్న శిలాతోరణమును మనలో కొందఱు చూచియే యుందురు. సుమారు ఎనిమిది మీటర్ల వెడల్పును, మూఁడు మీటర్ల యెత్తును గల యా తోరణమును ఏ శిల్పియు చెక్కలేదు. గాలియు నీరును యుగములకొలఁది యరగదీయఁగా నేర్పడినది.

పిదప నీరు. గోగర్భము, ఆకాశగంగ, పాపవినాశనము, కుమారధార, పసుపుధార యను జలాశయములనుండి కొండమీఁదికి నీరు వచ్చుచున్నది. పాపవినాశనమునొద్ద తలపై చల్లుకొను నీరు ఎచటనుండి వచ్చినదని మన మడుగము. వాన కురిసినపుడు చెట్ల వేళ్లును, రాలిన యాకుల మెత్తయు ఆ నీటిని పట్టి నిలిపి మెల్లమెల్లగ విడుచును. అడవి లేనిచో వాన పడిన దినమున వఱదయు, పడని దినమున ఎండిన బండయు మిగులును. తీర్థమును పూజించి వనమును మఱచుట పాలు త్రాగి గోవును మఱచుటవంటిది.

చెట్లలో మనకు చిరపరిచితమైనది ఎఱ్ఱచందనము. తిరుపతినుండి తెచ్చిన యెఱ్ఱచందనపు బొమ్మల జత బొమ్మలకొలువులో లేని యిండ్లు మన పెద్దల కాలమున తక్కువ. ప్రపంచమున నీ చెట్టు సహజముగ పెరుగునది తూర్పుకనుమల దక్షిణభాగముననే. కడప, తిరుపతి, చిత్తూరు, నెల్లూరు సీమలు దాని పుట్టినిండ్లు. ఇది మంచిగంధమువలె పరిమళింపదు. దీని విలువ యంతయు లోపలి చేవయందే యున్నది. ఆ చేవ పట్టుటకు దశాబ్దములు కావలెను. గొడ్డలికి గడియ చాలును. అక్రమముగ విదేశములకు తరలించు ధనవంతులైన వర్తకు లొకచోట నుందురు. చెట్టు కొట్టుటకు వచ్చు పేదకూలీలు మఱియొకచోటివారు. 2015 ఏప్రిల్ 7వ తేదీని ఈ శేషాచలపుటడవిలో పోలీసువారి కాల్పులకు ఇరువదిమంది మరణించిరి. వారు దుంగలకై వచ్చినవారని పోలీసువారు చెప్పిరి. వారిలో పెక్కుమంది తమిళదేశపు పల్లెలనుండి వచ్చినవారు. ఆ కాల్పుల న్యాయాన్యాయములపై గొప్ప వివాదము నడచినది. దానిని తీర్చుట నా పని కాదు. దుంగ ఏ ధనికుని గృహాలంకారమునకో పోవలసినది, వైధవ్యము మాత్రము పేదగుడిసెలకు చేరినదని స్త్రీలమైన మనము గుర్తుంచుకొనినఁ జాలును. కనుక ఎఱ్ఱచందనపువస్తువు కొనవలసివచ్చినపుడు అది అనుమతిగల చోటునుండి వచ్చినదేనా యని యడిగి కొనుఁడు.

ఈ కొండలలోనే పేరీత యను చెట్టు కలదు. చూపునకు చిన్న యీతచెట్టువలె నుండును గాని ఈతజాతి కాదు. భూమిమీఁద పూవులు పుట్టకమునుపటి చెట్లవంశమునకు చెందినది. అందుచేత దానికి పూవు లేదు. దానిలో ఆడుచెట్టు వేఱు, మగచెట్టు వేఱు. ఈ తిరుపతి కడప కొండలలో తప్ప మఱియెచటను సహజముగ పెరుగదు. కొండసాంబ్రాణి, తెల్లకరక మొదలగునవియు ఈ సీమకే సొమ్మైన చెట్లు.

జంతువులలో చిఱుతపులి, ఎలుగుబంటి, రేచుకుక్క, కణితి, దుప్పి కలవు. దేవాంగపిల్లియను చిన్నిప్రాణి గుండ్రని పెద్దకన్నులతో రాత్రులందు కొమ్మలమీఁద మెల్లగ నడచును. దాని చూపు అరిష్టమని మూఢులు చంపుదురు. అది ముఖ్యముగ తినునది పురుగులను. ఇఁక బంగారుబల్లి. నీటిచెంత బండల నెఱియలలో నుండు నీ బల్లిని తిరుపతి కొండలనుండి 1870లో బెడ్డోం అను నాంగ్లేయుఁడు వర్ణించెను. పిదప నూఱేండ్లకు పైగా శాస్త్రజ్ఞుల కంటఁ బడలేదు. తూర్పుకనుమలలో దానిని మరల కనుఁగొన్నట్లు 1986లో ప్రకటించిరి. లక్షలకొలఁది జనులు నడచు కొండలలో నొక ప్రాణి నూఱేండ్లు దాఁగియుండఁగలిగెనన్న, ఆ యడవిని మన మెంత తక్కువ చూచితిమో తెలియును.

ఇప్పుడొక దుఃఖవార్తను జ్ఞప్తికిఁ దేవలసియున్నది. 2023 జూనులో నలిపిరి నడకదారిని ఒక పసిబాలుని చిఱుతపులి నోటఁ గఱచుకొని పోయి, జనులు కేకలు వేయఁగా విడిచెను. అతఁడు బ్రతికెను. రెండుమాసములు గడవకమునుపే, ఆగస్టులో, అదే దారిలో తల్లిదండ్రులతో కొండ యెక్కుచున్న ఆఱేండ్ల బాలిక చిఱుతవాతఁ బడి మరణించెను. ఆ తల్లి కడుపుకోఁతను తలఁచుకొన్నచో కలము సాగదు. ఆమెను తప్పుపట్టఁబూనువారు బిడ్డల నెత్తుకొని మెట్లెక్కి యెఱుఁగనివారై యుందురు. ఆ తరువాత దేవస్థానమువారు యాత్రికుల చేతికి కఱ్ఱ లిచ్చిరి. పిల్లలను మధ్యాహ్నము దాఁటిన పిమ్మట నడకదారిని విడువక కట్టడి చేసిరి. అటవీశాఖవారు కొన్ని చిఱుతలను బోనులలో పట్టిరి.

చిఱుతల నన్నిటిని పట్టివేయవచ్చును గదా యని కొంద ఱందురు. అడవి యున్నంతవఱకు చిఱుత యుండును. ఒకటి పోయిన చోటికి మఱియొకటి వచ్చును. దానిని దారికి రప్పించునదేమో యోచించుట మేలు. చిఱుతకు పులిహోరపై కోరిక లేదు. పులిహోరకై వచ్చిన కుక్కపై కలదు. మెట్లప్రక్కను మనము పాఱవేసిన అన్నమునకు కుక్కలును, అడవిపందులును, కోఁతులును చేరును. మనము పెట్టు పండ్లకై దుప్పులు వచ్చును. వాని వెంట చిఱుత వచ్చును. ఈ గొలుసునకు మొదటి కొక్కెము ఎవరి చేతిలో నున్నది? యాత్రకు చిత్రాన్నము కలుపునది మనము, అరఁటిపండ్లు సంచిలో పెట్టునది మనము, పిల్లలు వదలిన ముద్దను ప్రక్కకు విసరివేయునదియు మనమే. అడవిశాఖవారి తుపాకికంటె, దేవస్థానమువారి కంచెకంటె, ఇల్లాలి సంచిలోని మూఁతగల డబ్బాకు నీ విషయమున బలము హెచ్చు.

జంతువులకు పెట్టుట పుణ్యము కాదా యని మీరడుగవచ్చును. గృహస్థునకు విధించిన భూతయజ్ఞము తన వాకిటఁ జేయవలసినది. ఇంటిని నమ్మి బ్రతుకు కాకికిని, కుక్కకును, చీమకును పెట్టుట ధర్మము. అడవి నమ్మి బ్రతుకు ప్రాణికి ఆఁకలి తీర్చు విధానము అడవియే యేర్పఱచినది. దుప్పికి చేతికూడు మరపుట దానికి వెఱపును మఱపించుటయే. వెఱపు మఱచిన దుప్పి యెక్కువకాలము బ్రతుకదు. ఇందు మనకు పుణ్యము లేదు, దానికి మేలు లేదు.

అట్లని యా వనమునకు పోవలదని నేను చెప్పుట లేదు; పోవుఁడనియే చెప్పుచున్నాను. తిరుపతికి సుమారు 50 కిలోమీటర్ల దూరమున, నేరబైలు గ్రామసమీపమున తలకోన కలదు. అచట 270 అడుగుల యెత్తునుండి జలపాతము పడును. క్రింద సిద్ధేశ్వరస్వామి యాలయమున్నది. దారిలో గిల్లతీఁగ చెట్లనుండి చెట్లకు ప్రాఁకి మోకువలె పెనవేసికొని యుండును. దాని కాయలు మూరెడుకంటె నెక్కువ పొడవు పెరుగును. కడపకు పోవు దారిని మామండూరు అడవి యున్నది. పక్షుల కూఁత వినఁగోరువారి కది తగినచోటు. వానలు వెనుకపట్టిన పిమ్మట, కార్తికమునుండి మాఘమువఱకు పోవుట మంచిది. అప్పటికి కోనలలో నీరుండును, ఎండ తాఁకదు. వేసవిలో నాకులు రాలి యడవి యెండుగడ్డివలె నుండును. 2014 మార్చిలో శేషాచలమున రేఁగిన కార్చిచ్చు నార్పుటకు వాయుసేన హెలికాప్టర్లు రావలసివచ్చెను. కావున పొయ్యి పెట్టుట, అగ్గిపుల్ల గీయుట యేకాలమునను కూడదు.

మఱి కొన్ని జాగ్రత్తలు. తనిఖీ గేటునొద్ద నడిగి, తెఱచియున్న దారినే పోవుఁడు. చీఁకటి పడకమునుపే వెలుపలికి రండు. పిల్లలను పెద్దలనడుమ నడిపింపుఁడు. ముందునకు పరుగెత్తనీయవలదు, వెనుక పడనీయవలదు. మడుగులలో బండలు పాచిపట్టి యుండును. జాఱి ప్రాణములు గోల్పోయినవారు కలరు. నూనెవంటకములు మాని, గింజయు మెతుకును రాలని పదార్థములు తీసికొని పొండు. తొక్కలతోఁగూడ నన్నియు తిరిగి యింటికి తెండు. పాటలపెట్టె మ్రోగింపక యొక గడియసేపు ఊరకుండినచో, అంతవఱకు శూన్యమనిపించిన యడవిలో నెన్నెన్ని గొంతులున్నవో తెలియును.

ఈ నియమములు మనకు క్రొత్తవి కావు. శేషాచలమున రామకృష్ణతీర్థము, కుమారధార, తుంబురుతీర్థము మొదలగు తీర్థములకు ఏఁటికొక్క పౌర్ణమినాఁడు ముక్కోటి జరుగును. ఆనాఁడు భక్తులు గుంపులుగ నడచిపోయి, స్నానమాడి తిరిగివత్తురు. తక్కిన దినములలో నా కోనలను మృగములకును, ముని వంటి మౌనమునకును విడిచిరి. చూచుటకొక దినము, చూడక విడుచుటకు తక్కిన దినములు! వనమును దర్శించు మర్యాద మన పూర్వు లెఱిఁగినట్లు మఱి యెవరెఱుఁగుదురు?

కావున సోదరీమణులారా, ఈసారి తిరుమలకు పోవునపుడు ప్రయాణమున కొక్కదినము చేర్చుకొనుఁడు. పిల్లలకు శిలలను చూపుఁడు, ఎఱ్ఱచందనపుచెట్టును చూపి కొలువులోని బొమ్మను జ్ఞప్తికిఁ దెండు, మూఁతగల డబ్బాను మఱవకుఁడు. వచ్చు మాసమున హైదరాబాదు నగరపుటంచున నున్న మహావీర్ హరిణ వనస్థలిని గూర్చియు, అందలి కృష్ణమృగములను గూర్చియు వ్రాయుదును.