ఆరు పెట్టాం, అయిదు పేలాయి

రాతినేల: వారం వారం

మా పల్నాటి రాజుపాలెంలో కాలువ నీళ్లెక్కని మెట్టచేలకు బావే దిక్కు. నాలుగు నిలువులు దిగేసరికి రాయి తగిలేది, గునపం మొన తిరిగిపోయేది. అప్పుడు మందు పెట్టే మనిషికి కబురు వెళ్లేది. నా చిన్నప్పుడు మా మేనమామ బావికి అలాగే ఒక పెద్దాయన వచ్చాడు. పొద్దుటి నుంచి రాతికి బెజ్జాలు కొట్టించి, మధ్యాహ్నానికి మందు కూరి, వత్తులంటించి పైకొచ్చాడు. అందరినీ చింతచెట్టు అవతలికి తోలి, తను మాత్రం చెవి బావి వైపు పెట్టి, వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. దుమ్ము అణిగాక కూడా లేవలేదు.

"ఆరు పెట్టాం, అయిదు పేలాయి" అన్నాడు.

మామయ్యకు కూలీల పూట పోతుందని దిగులు. "రెండు కలిసి మోగాయేమోలే, అన్నా" అన్నాడు.

"మోగాయేమో. అట్టయితే నువ్వు ముందు దిగు, నీ ఎనక నేనొస్తా."

మామయ్య దిగలేదు. ఆ రోజుకి పని ఆగిపోయింది. మర్నాడు తెల్లారాక పెద్దాయన ఒక్కడే దిగి, చాలాసేపటికి పైకొచ్చి, చేతులు కడుక్కుని చుట్ట ముట్టించాడు. అంతసేపు ఆగాలని ఎట్లా తెలుసని అడిగాను. "మా అయ్య చెప్పాడు" అన్నాడు. మరి అది ఎందుకు పేలలేదని అడిగాను. "దాని బుద్ధి" అన్నాడు.

సైన్యంలో పనిచేసేవాళ్ల కోసం పేలుడు పదార్థాల ఇంజినీరింగ్‌లో ప్రత్యేకంగా ఒక పీజీ డిగ్రీ ఉండాలన్న మాట ఈ మధ్య మిత్రుల మధ్య వచ్చింది. ఒకాయన నవ్వేశాడు. "బాంబులెయ్యడానికి ఎంటెక్ ఎందుకండీ?" నాకు మాత్రం ఆ బావి గుర్తొచ్చింది. పేలిన అయిదింటికి ఏ చదువూ అక్కర్లేదు. చదువు కావాల్సింది ఆ ఆరోదానికి.

అనుభవం చాలదా అనేవాళ్లు జర్మనీలో ఒప్పౌ కర్మాగారం కథ వినాలి. అమ్మోనియం సల్ఫేట్, అమ్మోనియం నైట్రేట్ కలిసిన ఎరువు అక్కడి గోదాములో రాయిలా గడ్డకట్టేది. దాన్ని వదులు చేయడానికి మధ్యలో చిన్న చిన్న డైనమైట్ తూటాలు పేల్చేవాళ్లు. అలా వేల సార్లు చేశారు, ఏమీ కాలేదు. 1921 సెప్టెంబర్ 21 పొద్దున మళ్లీ అదే పని చేశారు. 500 మందికి పైగా చనిపోయారు. గోదాము ఉన్నచోట చెరువంత గుంట మిగిలింది. ఎరువును ఆరబెట్టే పద్ధతి కొంచెం మారడంతో దాని గుణమే మారి ఉంటుందని తర్వాత పరిశీలించినవాళ్లు భావించారు. నిన్నటిదాకా ఏమీ కాలేదు కదా అన్నదొక్కటే ఆ పనివాళ్ల ధైర్యం. రేపు ఎందుకు కాదో చెప్పగలిగినవాడు వాళ్లలో లేడు.

మన దేశంలో అంతటి పాఠం 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో దొరికింది. ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉంది, దాంతోపాటే పత్తి బేళ్లు ఉన్నాయి. పత్తి పైకి కనిపించకుండా లోలోపల ఎట్లా రగులుతుందో పల్నాటి రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. పత్తి అంటుకుంది, మందు పేలింది, రేవు బుగ్గయింది. ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది తిరిగి రాలేదు. ఏటా ఏప్రిల్ 14న మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల జ్ఞాపకార్థమే. యుద్ధకాలమే అయినా ఆ రెండు సరుకుల్నీ ఒకే ఓడకెత్తింది శత్రువు కాదు. కాగితాల మీద సంతకాలు పెట్టిన సొంత అధికారులే.

పాత కథలని తోసేయడానికీ లేదు. 2016 మే 31న మహారాష్ట్ర వార్ధా జిల్లా పుల్గావ్‌లోని సైనిక ఆయుధ డిపోలో మంటలు లేచి, ఇద్దరు అధికారులతో సహా పదిహేను మందికి పైగా చనిపోయారు. వాళ్లలో డిపో అగ్నిమాపక సిబ్బందే ఎక్కువ. పాతబడిన ట్యాంకు మందుపాతరల్లోంచి టీఎన్‌టీ కారడమే మూలమని అప్పట్లో వార్తలొచ్చాయి. టీఎన్‌టీ 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే బెల్లం పాకంలా కరిగించి గుండ్లలో పోస్తారు. సైన్యాలు దాన్ని నూరేళ్లుగా వాడుతున్నది ఆ సులువు చూసే. కానీ ఏళ్లతరబడి గోదాముల్లో ఎండకూ చలికీ మగ్గాక, దానిలోని మలినాలు జిడ్డులా బయటికి ఊరుతాయి. మందుకూ ముసలితనం ఉంది. అది ఏ వయసులో ఎట్లా ప్రవర్తిస్తుందో తెలిసినవాడే దాని పక్కన నిలబడాలి.

సిపాయి ఉద్యోగంలో మందు పేల్చే రోజులు తక్కువ. మోసే రోజులు, పేర్చే రోజులు, కాపలా కాసే రోజులు, పాతబడ్డవాటిని ఊరికి దూరంగా తీసుకెళ్లి నాశనం చేసే రోజులు చాలా ఎక్కువ. అందుకని నేనడిగే డిగ్రీలో సగం పాఠాలు పేలకుండా చూసుకోవడం మీదే ఉండాలి.

ఈ రంగంలో మనకు చదువులే లేవని కాదు. పుణెలో 1952లో ఆయుధ అధ్యయన సంస్థగా మొదలై, తర్వాత గిరినగర్‌కు మారిన సంస్థే ఇవాళ్టి డయట్, రక్షణ రంగపు డీమ్డ్ యూనివర్సిటీ. నెల్లూరు జిల్లా బిడ్డ జి. సతీశ్ రెడ్డి డీఆర్‌డీఓ అధిపతిగా ఉన్న 2021లో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈతో కలిసి రక్షణ సాంకేతికతలో ఎంటెక్ ప్రకటించారు. అందులోని ఆరు విభాగాల్లో ఒకటి అధిక శక్తి పదార్థాలది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో డీఆర్‌డీఓ సాయంతో 2005లో పెట్టిన పరిశోధన కేంద్రంలో ఎందరో పీహెచ్‌డీలు చేశారు. ఇవన్నీ గర్వపడాల్సినవే. అయితే కొత్త అణువును కనిపెట్టే శాస్త్రవేత్త చదువు వేరు, ముప్పై ఏళ్ల నాటి గుండును చేత్తో ఎత్తాల్సిన మనిషి చదువు వేరు. ఈ రెండోవాడు ఆర్మీ ఆర్డ్‌నెన్స్ అధికారి కావచ్చు, విశాఖ నౌకాదళంలో ఆయుధాలు చూసేవాడు కావచ్చు, మన పోలీసు బాంబ్ స్క్వాడ్‌లో ఎస్సై కావచ్చు. డిగ్రీ పాఠాలు రాసేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకోవాల్సింది వీళ్లను.

ఎక్కడ పెట్టాలంటే, అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని రోలా వైపు చూడమంటాను. అక్కడ 1870లో గనుల బడిగా మొదలైన విశ్వవిద్యాలయం ఇప్పుడు పేలుడు పదార్థాల ఇంజినీరింగ్‌లో మాస్టర్స్, పీహెచ్‌డీ ఇస్తోంది. విద్యార్థులు దిగి పని నేర్చుకోవడానికి దానికి సొంత గని ఉంది. గంట ప్రయాణంలో ఫోర్ట్ లెనర్డ్ వుడ్‌లో అమెరికా సైన్యపు ఇంజినీర్ల శిక్షణ కేంద్రం ఉంది. రాయి పగలగొట్టడం నేర్పిన బడే సైనికుడికీ చదువు చెబుతోంది. మన తెలుగు పిల్లలూ రోలాకు వెళ్తున్నారు. కానీ వీసా మీద వచ్చిన విదేశీయులు పేలుడు పదార్థాలు దగ్గర ఉంచుకోకుండా అమెరికా 2002లో చట్టం చేసింది, మినహాయింపులు కొద్ది. అరువు తెచ్చుకునే చదువు కాదిది.

అలాంటి నేల మనకు లేదా? సికింద్రాబాద్‌లో ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ (ఏఓసీ) సెంటర్ ఉంది, సైనిక ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. కూకట్‌పల్లిలో వినాయకుల్ని నిమజ్జనం చేసే ఐడీఎల్ చెరువు పేరులోని 'డీ' డిటొనేటర్లదే. ఆ ఫ్యాక్టరీ పేరే చెరువుకు మిగిలింది. సింగరేణి ఉంది. ఇటు మా పల్నాడు ఉంది. పిడుగురాళ్ల అని ఊరికి పేరు పెట్టినవాళ్లకు జిలెటిన్ సంగతి తెలియదు కానీ, ఆ పేరు వాళ్ల మనవలకు అచ్చంగా అమరింది. సున్నపు బట్టీలకూ, 1958 నుంచి నడుస్తున్న మాచర్ల కేసీపీకీ, దాని తర్వాత వచ్చిన సిమెంటు ఫ్యాక్టరీలకూ రాయి ఇచ్చేది పల్నాటి గనులే. జిల్లా కేంద్రం నరసరావుపేటలో కాకినాడ జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. తరగతులు హైదరాబాద్‌లోనో పుణెలోనో జరగనివ్వండి. ఒక సెమిస్టర్ మాత్రం పల్నాటి క్వారీలో జరగాలి.

ఎందుకంటే పెద్దాయన విద్య ఇప్పుడు క్వారీలోనే పనికిరాకుండా పోయింది. ఇవాళ్టి డిటొనేటర్లు బెజ్జానికీ బెజ్జానికీ మధ్య సెకనులో వెయ్యో వంతుల తేడాతో పేలతాయి. రాయి బాగా విరగాలన్నా, ఊళ్లో గోడలు అదరకూడదన్నా ఆ తేడాయే కీలకం. టీఎన్‌టీలో పేలుడు తరంగం సెకనుకు దాదాపు 6,900 మీటర్లు పోతుంది. గాలిలో చప్పుడు పోయేది 340 మీటర్లే. వందో బెజ్జం పేలిందో లేదో ఏ చెవి చెబుతుంది? చెవి ఓడిపోయినచోట పరికరం కావాలి, ఆ పరికరం చెప్పింది అర్థం చేసుకునే బుర్ర కావాలి.

పల్నాడులో పేలుడు పదార్థాల చదువా అని మీరు కనుబొమ్మలు ఎగరేస్తారని తెలుసు. నాటు బాంబుల చెడ్డపేరు మాకు ఉంది, కాదనను. అయితే ఆ బాంబులు చుట్టినవాడెవడూ కాలేజీలో నేర్చుకోలేదు. సైన్యమో పోలీసు శాఖో పంపిన ఉద్యోగులకు మాత్రమే సీటిచ్చే చోటికి ముఠావాడు రాలేడు. రావాల్సినవాడు వాటిని ఎత్తి పక్కకు తీసుకెళ్లాల్సిన కానిస్టేబులు. 2025 నవంబర్ 14 రాత్రి శ్రీనగర్ శివారు నౌగామ్ పోలీస్ స్టేషన్‌లో, పట్టుకున్న పేలుడు పదార్థాల నుంచి నమూనాలు తీస్తుండగా పేలి తొమ్మిది మంది చనిపోయారు. చేస్తున్నది దర్యాప్తే. దర్యాప్తని మందుకు తెలియదు.

ఈ చదువు బ్యారక్‌ల గోడ దాటి రావాలని కూడా అడుగుతాను. 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లె ముగ్గురాళ్ల గని దగ్గర జిలెటిన్ కడ్డీలు దించుతుండగా పేలి పది మంది దాకా ప్రాణాలు పోయాయి. వాళ్లు కూలికి వచ్చినవాళ్లు. ఉద్యోగం ముగించుకుని ఊరికొచ్చిన మాజీ సైనికుడు ఈ డిగ్రీతో క్వారీలో భద్రతాధికారి కాగలగాలి. గనుల్లో బ్లాస్టర్ సర్టిఫికెట్‌కు పరీక్ష ఎలాగూ ఉంది. దానికి కావలసిన తయారీ కోర్సులోనే కలిపేస్తే, సైన్యంలో నేర్చింది ఊరి గని దాకా వస్తుంది. పేలుడు పదార్థాల చట్టం మనకు 1884 నుంచి ఉంది, నిబంధనలు 2008లో మళ్లీ రాశారు. కొదవ వాటికి కాదు. లారీ దగ్గర నిలబడి "ఇలా దించొద్దు, ఎందుకంటే..." అని ఆ 'ఎందుకంటే' పూర్తి చేయగల మనిషికి.

ఆ డిగ్రీకి ప్రశ్నపత్రం రాసే పని నాకు ఇస్తే ఒకే ప్రశ్న ఇస్తాను. రాజుపాలెంలో ఒక బావి. ఆరు పెట్టారు, అయిదు పేలాయి. ఆరోది ఎందుకు పేలలేదు, ఇప్పుడేం చేస్తారు? 'దాని బుద్ధి' అని రాస్తే మొదటి సగానికి సున్నా. కూలీల పూట పోయినా మర్నాటిదాకా ఎవరినీ దిగనివ్వనందుకు రెండో సగం మార్కులు మాత్రం ఆ పెద్దాయనకు నిండుగా వేస్తాను.

— రాజుపాలెం బాటసారి