కరెంటు వచ్చే దాకా పంట ఆగదు

2025 వినాయక చవితి నాడు మన జిల్లా మీద పడ్డ వానను ఎవరూ మరచిపోలేదు. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి మధ్య రాకపోకలు తెగిపోయాయి. రోడ్ల గురించి, రైళ్ల గురించి అందరూ మాట్లాడారు. ఒరిగిన స్తంభాల గురించి, బోర్ల కాడి కరెంటు గురించి అడిగినవాళ్లు తక్కువ.

మిల్లుకు కరెంటు పోతే జనరేటర్ వేసుకుంటారు, ఆ ఖర్చును ధరలో కలుపుకుంటారు. మన వడ్ల ధర మనం పెట్టేది కాదు. యాసంగిలో వరి పొట్ట మీద ఉన్నప్పుడు నాలుగు రోజులు మోటారు ఆగి మడి నెర్రెలిస్తే మిగిలేది తాలే.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అన్నారు. మంచిదే. కానీ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఆ 24 గంటల మాట ఎక్కడ పోతుంది? పల్లెల్లో 48 గంటల్లోగా మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి నిబంధన ఉంది. జరిగేది వేరు. కాలినదాన్ని రైతులే దించాలి, ట్రాక్టర్ కిరాయి పెట్టి రిపేరు సెంటర్‌కు తోలాలి, మోటారుకు ఇంత అని చందా వేసుకోవాలి. ఇది రైతు పని కాదని మేము గట్టిగా చెబుతున్నాం. కాలిన వెంటనే 1912కు ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు, తేదీ, గంట రాసి పెట్టుకోండి. నంబరు లేకుంటే 48 గంటల లెక్క అడగడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

మన చేతిలో ఉన్న పని కూడా ఉంది. ఆటో స్టార్టర్ల సంగతే చూడండి. మోటారు ఎత్తుకునేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. పోయిన కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే లేస్తే, బాగు చేసి తెచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ అదే పూట మళ్లీ కాలుతుంది. 25 కేవీఏ మీద 5 హెచ్‌పీ మోటార్లు ఐదు మించితేనే బరువు. కరెంటు వచ్చినంక వంతుల వారీగా వేసుకోవాలి. ఫ్యూజు పోయిందని ఎవరూ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కొద్దు. లైన్‌మన్ రాలేదన్న కోపంలో ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు ఎందరో.

ట్రాక్టర్‌తో తిరిగే జనరేటర్ ఒక్కరికి భారమే, పది మంది కలిస్తే కాదు. చిన్నది కొంటే మోటారును ఎత్తదు, ముందు మెకానిక్‌తో లెక్క వేయించండి. ఛేంజోవర్ స్విచ్ లేకుండా మాత్రం కలపొద్దు. మన జనరేటర్ కరెంటు లైన్ మీదికి ఎక్కితే స్తంభం మీద పని చేసే మనిషి చస్తాడు. పాడి ఉన్నవాళ్లు పశువుల తొట్లు ఎప్పుడూ నిండుగా ఉంచుకోవాలి. మబ్బు పట్టిన రోజు పాల కేంద్రంలో జనరేటర్‌కు డీజిల్ ఉందో లేదో ముందే అడగండి. లేకుంటే క్యాన్లలో పాలు విరిగి నష్టం మన లెక్కలోనే పడుతుంది.

యాసంగి నాట్లకు ముందే ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు కూర్చోండి. ఎన్ని మోటార్లు, ఎన్ని హెచ్‌పీ, ఎవరు డీడీలు కట్టారు, ఎన్నిసార్లు కాలింది అన్నీ ఒక కాగితం మీద రాసి సంతకాలతో మండల కమిటీకి ఇవ్వండి. అదనపు ట్రాన్స్‌ఫార్మర్ కోసం కరెంటు ఆఫీసుకు పోయేటప్పుడు ఆ కాగితాలే పట్టుకొని పోతాం.